ఆంగ్లమున విశేషణోపవాక్యము: తెలుగు త్రోవ

ఆంగ్ల వ్యాకరణమున మన విద్యార్థులు మిక్కిలి వెఱచు పాఠములలో ఆడ్జెక్టివ్ క్లాజు, అనగా విశేషణోపవాక్యము, ఒకటి. దాని లక్షణమును అడిగినతోడనే వారు అప్పగింతురు. వాక్యమును విడదీసి చూపుమన్న చూపుదురు. కాని స్వయముగా నాలుగు వాక్యములు వ్రాయవలసి వచ్చినపుడు దానిని తప్పించుకొనుటకే చూతురు. ఈ లోపము బాలురయందు గాక బోధనామార్గమునందే కలదని మా యభిప్రాయము.

ఈ భావము తెలుగువారికి క్రొత్తది కాదు. 'నిన్న వచ్చిన బాలుడు' అని బడికి రాని పసివాడును పలుకును. ఇందలి 'వచ్చిన' వంటి పదములను చిన్నయసూరి తన బాలవ్యాకరణమున ధాతుజవిశేషణములనెను. దీనినే ఆంగ్లేయుడు 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే' అనును. మనము విశేషణమును నామమునకు ముందుంచుదుము; అతడు నామమును ముందు చెప్పి, 'హూ' అను సంబంధ సర్వనామముతో విశేషణమును వెనుక చేర్చును. భేదము కూర్పునందే గాని భావమునందు లేదు.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. 'నేను వ్రాసిన ఉత్తరము', 'నేను వ్రాసిన కలము', 'నేను వ్రాసిన గది' అను మూటియందును 'వ్రాసిన' అనునది యొక్కటియే. ఉత్తరమును వ్రాసితిమి, కలముతో వ్రాసితిమి, గదిలో వ్రాసితిమి అని వినువాడే గ్రహించుకొనును. ఆంగ్లమున అట్లు చెల్లదు. ఉత్తరమునకు 'విచ్ ఐ రోట్', కలమునకు 'విత్ విచ్ ఐ రోట్', గదికి 'ఇన్ విచ్ ఐ రోట్' అనవలయును. 'తండ్రి మరణించిన బాలుడు' అన్నచో 'హూజ్' రావలయును. మన బాలురు 'ది పెన్ విచ్ ఐ రోట్' అని వ్రాయుటకు కారణమిదియే. ఎఱ్ఱసిరాతో కొట్టివేసినంతమాత్రమున ఆ తప్పు పోదు. 'కలముతో వ్రాసితిని' అనిపించి, ఆ 'తో' ఎక్కడికి పోయినదని అడిగినచో, 'విత్' అను మాటను బాలుడే వెదకి తెచ్చును.

కామా విషయమును ఇట్టిదే. 'ది బాయ్స్ హూ హాడ్ ఫీవర్ వెంట్ హోమ్' అన్నచో జ్వరము వచ్చినవారు మాత్రమే ఇంటికి పోయిరి. 'హూ హాడ్ ఫీవర్' అనుదానికి ఇరుప్రక్కల కామాలుంచినచో బాలురందఱికిని జ్వరము వచ్చినట్లగును!

ఆంగ్లపు తరగతిలో తెలుగు వినబడరాదని కొందఱు పెద్దలందురు. మచిలీపట్టణమున మిషనరీగానుండిన ఆర్డెన్ దొరగారు 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమును ఆంగ్లముననే రచించిరి. ఆంగ్లేయులు తెలుగు నేర్చుటకు తమ భాషను వంతెనగా చేసికొనగా, మన బాలురకు ఆ వంతెన ఏల కూడదు? భావము తెలిసిన పిమ్మట అభ్యాసమంతయు ఆంగ్లముననే జరుగవలయుననుటను మేమును ఒప్పుకొందుము.

ఏ మనుష్యుడు, ఏ యిల్లు, ఏ దినము అని తేటగా చెప్పలేనివాడు అర్జీ వ్రాయలేడు, సాక్ష్యమును చెప్పలేడు. కావున ఇది పరీక్షతో తీరిపోవు పాఠము కాదు. తలిదండ్రులు తెలుగు చదువును ఆంగ్లమునకు అడ్డమని తలపకుందురు గాక. విద్యార్థులారా! దినమునకు మూడు తెలుగు పలుకుబడులను గైకొని, వానిలో దాగిన విభక్తిని కనుగొని, ఆంగ్లమున మార్చి వ్రాయుడు. మాసము గడచునప్పటికి మీ భయము మీకే నవ్వు పుట్టించును.