పుండుపై చేప చర్మం... సాయం ఎంతవరకు?

మధుమేహుల్లో కాలి పుండు చాలా మొండిది. నెలలు గడిచినా మానకపోవచ్చు. లోపలికి పాకి ఎముక దాకా వెళ్తే వేలో, పాదమో, ఒక్కోసారి కాలే తీసేయాల్సి రావొచ్చు. ఇలాంటి పుండ్లకు చేప చర్మం వాడుతున్నారనే వార్తలు మీరూ చూసే ఉంటారు. అది నిజమే. కానీ అదేం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకోవటం ముఖ్యం.

దీనికి వాడేది చల్లటి సముద్రంలో పెరిగే కాడ్ చేప చర్మం. ఐస్‌లాండ్‌కు చెందిన కెరెసిస్ సంస్థ దీన్ని రూపొందించింది. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. చర్మం నుంచి పొలుసులు, కణాలు తొలగించి, ఎండబెట్టి, క్రిములు లేకుండా శుద్ధి చేస్తారు.

మరి చేపే ఎందుకు? ఆవు, పంది వంటి జంతువుల కణజాలాన్ని వాడాలంటే, వైరస్‌లు సోకకుండా ఘాటుగా శుద్ధి చేయాలి. దీంతో దాని సహజమైన అల్లిక దెబ్బతింటుంది. కాడ్ చేపతో అలాంటి ముప్పు లేకపోవటం వల్ల తేలికపాటి శుద్ధి సరిపోతుంది. కొలాజెన్ అల్లిక, ఒమేగా-3 కొవ్వులు అలాగే ఉంటాయి. ఇది మన చర్మంలా అతుక్కుపోదు. తీగకు పందిరిలా పనిచేస్తుంది. మన కణాలు, కొత్త రక్తనాళాలు దీనిలోకి అల్లుకుంటాయి. క్రమంగా ఇది ఒంట్లో కలిసిపోతుంది.

ఫలితం ఎంత? ఐరోపాలోని 15 కేంద్రాల్లో 255 మందిపై చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. ఇవన్నీ కండర బంధనాలు, కీళ్లు, ఎముక వరకు వెళ్లిన లోతైన పుండ్లే. 16 వారాల్లో మామూలు చికిత్సతో 26% మందికి మానితే, చేప చర్మం వాడినవారిలో 44% మందికి మానాయి. తేడా పెద్దదే. అయితే ఆ గడువులో సగానికి పైగా పుండ్లు మానలేదన్న సంగతీ గమనించాలి.

మరో విషయం. చేప చర్మం వాడినవారికి మామూలు చికిత్స ఆపలేదు. చచ్చిన కణజాలాన్ని తొలగించటం, ఇన్‌ఫెక్షన్‌ను అదుపు చేయటం, పుండుపై బరువు పడకుండా చూడటం తప్పనిసరి. కాలికి రక్తం సరిగా అందకపోతే ముందు దాన్ని సరిచేయాలి. ఇవి లేకుండా ఎంత ఖరీదైన పొర వేసినా ఫలితం ఉండదు. సరైన చికిత్స తీసుకుంటున్నా నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే, ఇలాంటి పద్ధతుల గురించి డాక్టర్‌ను అడగండి. చేపలు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో చేప చర్మాన్ని పుండుపై వేసుకునే ప్రయత్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అందులోని బ్యాక్టీరియాతో ప్రాణం మీదికి రావొచ్చు.

మనదేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీరందరికీ ముందుగా కావాల్సింది పాదాల మీద శ్రద్ధ. నాడులు దెబ్బతింటే ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. అందుకే రోజూ రాత్రి అరికాళ్లను, వేళ్ల సందులను చూసుకోండి. కనిపించకపోతే అద్దం వాడండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. ఇంట్లోనూ చెప్పులతోనే నడవండి. బొబ్బ, పగులు, రంగు మార్పు కనిపిస్తే నొప్పి లేదని ఊరుకోవద్దు. వెంటనే డాక్టర్‌కు చూపించండి.