భూమి ఎంత తిరిగింది?

రైల్లో కూర్చుంటే ఒక్కోసారి మన రైలు కదులుతోందో, పక్క రైలు కదులుతోందో తెలీదు. ప్లాట్‌ఫామ్ మీది స్తంభం కనిపిస్తేగానీ అనుమానం తీరదు. భూమి సంగతీ అంతే. అది ఎంత తిరిగిందో చెప్పడానికి జీపీఎస్ ఉపగ్రహాలు మాత్రమే చాలవు. వాటి కక్ష్యలూ మెల్లగా జరుగుతుంటాయి మరి! అందుకే శాస్త్రవేత్తలు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వేజార్లను స్తంభాలుగా పెట్టుకున్నారు. అంత దూరంలో ఉన్నవి మనకు కదలనట్టే లెక్క.

హవాయిలోని కోకీ పార్క్, జర్మనీలోని వెట్‌జెల్ రేడియో టెలిస్కోపులు ఒకే క్వేజార్‌ను ఒకేసారి చూస్తాయి. దాని సంకేతం ఒకచోటికి ముందు, ఇంకోచోటికి కాస్త వెనక చేరుతుంది. భూమి తిరిగేకొద్దీ ఈ తేడా మారుతుంది. దాన్నిబట్టి భూమి ఎంత తిరిగిందో తేలుస్తారు.

ఇంత చాదస్తం అవసరమా అంటారా? భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్లు తిరుగుతుంది. లెక్క ఒక్క మిల్లీసెకను తప్పితే 46 సెంటీమీటర్ల తేడా! పోనీ, ఒకసారి కొలిచేసి ఊరుకుందామంటే గాలులు, సముద్రాలు భూమి వేగాన్ని రోజూ కాస్త మారుస్తూనే ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఈ విలువను కోడ్‌లో ఒకసారి రాసి వదిలేయలేం. రోజూ ఆకాశాన్ని అడిగి తెలుసుకోవాల్సిందే.