జీపీయెస్ చెప్పిన చోటు, ఊరు చెప్పిన చోటు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చెరువుల సర్వే పనిమీద కొన్నేళ్ళు తిరిగినవాణ్ణి కాబట్టి, చేతిలో ఇమిడే జీపీయెస్ పరికరాల గురించి నాలుగు మాటలు రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను. వాటిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. దారి తప్పినప్పుడు నన్ను చీకటి పడకముందే రోడ్డుమీదికి చేర్చినవి అవే. నా ఫిర్యాదల్లా ఆ పరికరం చెప్పిన అంకెను మనం పుచ్చుకునే తీరుమీద.

పరికరానికి ఉండే చిన్న జబ్బులు అందరికీ తెలిసినవే. రెండు పెన్ సెల్లులు సాయంత్రం దాకా వస్తాయో రావో చెప్పలేము. హార్స్లీ కొండమీది నీలగిరి చెట్ల కింద, ఏనుగుల్లాంటి గుండ్ల మధ్య ఇరుకు వాగుల్లో నిలబడితే ఆకాశం తునకగా మిగులుతుంది. ఉపగ్రహాలు నాలుగైదుకు మించి అందవు. అందినవాటి సంకేతం కూడా బండకు తగిలి, వంకర దారిన వచ్చి, పరికరాన్ని ఏమార్చుతుంది. నిలబడిన మనిషి నిలబడినట్టే ఉండగా తెరమీది చుక్క అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది. తెరమీద ‘ఐదు మీటర్లు’ అని కనిపించే అంకె హామీ కాదు, అంచనా. నిజమైన తప్పు అంతకంటే ఎక్కువ ఉండే సందర్భాలు బోలెడు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరుల సంకేతంలో కావాలని కలిపే కల్తీని ఆపివేయకముందు ఈ తప్పు వంద మీటర్ల దాకా ఉండేది. ఆ రోజులతో పోలిస్తే ఇప్పటిది స్వర్గమే.

అయితే ఐదు మీటర్లంటే ఎంత? పక్షుల లెక్కకు వెళ్ళినవాడికి అదేమంత లెక్కలోది కాదు. పిట్ట ఆ పొదలో కాకపోతే ఈ పొదలో ఉంటుంది. రైతు సంగతి వేరు. చతురస్రంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. ఒక్క గట్టు ఐదు మీటర్లు లోపలికి జరిగితే దాదాపు ఎనిమిది సెంట్లు పోతుంది. ఇల్లు కట్టుకోవడానికి మూడు సెంట్లు దొరికితే చాలని తిరిగేవాళ్ళున్న ఊళ్ళలో ఎనిమిది సెంట్లు!

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అది పరికరంలో ఉండదు, దానికీ పటానికీ మధ్య ఉంటుంది. దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన తన ఆధారరేఖను కొలిచి, అక్కడినుంచి పడమరగా త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్ళి, 1804లో బెంగుళూరు దగ్గర మరో రేఖతో సరిచూసుకున్నాడు. అరటన్ను తూగే థియొడొలైటును మనుషుల చేత కొండలెక్కించిన కాలమది. తరువాత ఆ పని చేపట్టిన జార్జ్ ఎవరెస్ట్ భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. 1830 నాటి ఎవరెస్ట్ గోళాభం అంటే అదే. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లన్నీ దాని మీదనే నిలబడ్డాయి. జీపీయెస్ వాడేది డబ్ల్యుజీయెస్ 84 అనే వేరే లెక్క. ఒకే బండకు ఈ రెండు లెక్కలలో రెండు వేర్వేరు అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. మన ప్రాంతంలో ఆ తేడా వంద మీటర్లకు మించుతుంది.

పరికరంలో ఈ మార్పిడి చేసే ఏర్పాటు లేకపోలేదు. కొన్నింటిలో మనకు సరిపోయే ‘ఇండియన్’ డేటమ్ పక్కన బంగ్లాదేశ్ అని రాసి ఉంటుంది. మన దేశం కొలతను మనం పొరుగుదేశం పేరు కింద వెతుక్కోవాలి! అది తెలియనివాడు దాన్ని దాటుకుని పోతాడు. అందులో అతని తప్పేముంది?

పుంగనూరు దాపున ఒక చెరువు దగ్గర దీని ఫలితాన్ని కళ్ళారా చూశాను. పేరు చెప్పనక్కరలేని ఒక కార్యాలయం వారు అంతకుముందు ఎవరితోనో కొలిపించిన పట్టికను మాకిచ్చారు. ఆ బిందువులను పాత టోపోషీటు మీద గుర్తిస్తే చెరువు నీరుండే హద్దు ఒక రైతు మెట్టచేను మీదుగా పోయింది. ఆయన చేను చెరువు పోరంబోకు అయిపోయింది. “మా తాత తవ్విన బాయి చెరువులోకి ఎట్ల పోతుంది సార్? అంత నీళ్ళే ఉంటే మేం బాయి ఎందుకు తవ్వుతాం?” అన్నాడాయన. ఇంతకంటే తిరుగులేని వాదన నేను ఏ సర్వే పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. తూము, మరవ, కట్ట చివర పాతిన రాయి, ఒక్కొక్కటే సరిచూస్తూ పోతే అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగి ఉన్నాయి. అన్నీ కూడబలుక్కుని జరిగితే అది పరికరం తడబాటు కాదు, డేటమ్ తేడా. ఆ పట్టికలో డేటమ్ ఏదో రాయడానికి ఒక గడి లేదు. ఒక్క గడి! ఆ మాట ఉండి ఉంటే ఆ మనిషి మూడుసార్లు పని మానుకుని బస్సెక్కవలసిన అవసరం ఉండేది కాదు.

ఇక అంకెలు రాసుకునే తీరులో ఉన్న చమత్కారాలు చూడండి. హార్స్లీ కొండ సుమారు 13 డిగ్రీల 39 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 24 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దాన్నే ఎవరైనా తొందరలో 13.39, 78.24 అని దశాంశాలుగా ఎక్కించారనుకోండి, కొండ కాస్తా ముప్పై కిలోమీటర్లకు పైగా నైరుతికి నడిచి కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మామిడితోటల పక్కన కూర్చుంటుంది. మీటర్లలో రాసే యూటీయం పద్ధతి ఇంకా ముచ్చటైనది. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం 44వ జోన్ లోకి వస్తాయి, పడమరనున్న బెంగుళూరు 43లోకి. అక్కడినుంచి వచ్చే బృందాలు జోన్ మార్చుకోవడం మరచిపోతే హార్స్లీ కొండ సరిగ్గా ఆరు డిగ్రీలు పడమరకు జరిగి అరేబియా సముద్రంలో మునుగుతుంది. అదృష్టమేమంటే ఇంత పెద్ద తప్పు వెంటనే కనబడుతుంది, నవ్వుకుని దిద్దుకుంటాము. చెరపేది వంద మీటర్ల తప్పు. నమ్మదగినట్టు కనిపిస్తుంది గనుక.

ఎత్తు సంగతీ అంతే. దక్షిణ భారతంలో సగటు సముద్రమట్టం జీపీయెస్ లెక్కకు ఆధారమైన దీర్ఘవృత్తజం కంటే ఎనభై మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. పరికరం లోపల ఆ సవరణ చేసి చూపిస్తున్నదా, చేయకుండానా అన్నది తెలుసుకోకుండా చెరువు కట్ట ఎత్తులు రాసినవాళ్ళున్నారు. చేత పట్టుకునే పరికరంతో నీటి వాలు కొలవాలనుకోవడమే అసలు తగదు. దానికి పాతకాలపు లెవెల్, గజంబద్దలే శరణ్యం.

కానీ నాకు అన్నిటికంటే ఎక్కువగా బాధ కలిగించినది పేర్ల విషయం. పాత పరికరాలలో ఒక చోటుకు పేరు పెట్టాలంటే ఆరే ఇంగ్లీషు అక్షరాలు. ఏనుగు మల్లమ్మ కొండ (హార్స్లీ దొర బంగళా కట్టుకోకముందు ఆ కొండకు ఊరివాళ్ళ పేరు అదే) ఆరు అక్షరాలలో ఏమవుతుందో ఊహించుకోండి. అచ్చులు రాలిపోతాయి, ళకారం లకారమవుతుంది, దొడ్డ చెరువూ దొడ్డి చెరువూ ఒకటే అవుతాయి. కంప్యూటరులో తెలుగు అక్షరం కనబడటానికి లేఖిని ముందు కూర్చుని తంటాలు పడినవాళ్ళం మనం. పేరు చెడితే ఏం పోతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. పొలాల దగ్గర పేరంటే అలంకారం కాదు, సాక్ష్యం. అంకె తప్పయినప్పుడు దాన్ని పట్టిచ్చేది పేరే. ‘బిందువు 47’ తప్పు చోట పడితే ఎవరూ గుర్తుపట్టలేరు. ‘జువ్విమాను కాడి మరవ’ తప్పు చోట పడితే గొర్రెలు కాసే పిల్లవాడు కూడా పట్టుకుంటాడు.

ఇప్పుడు కాలం మారింది, ఫోనులోనే జీపీయెస్ ఉంది, ఇదంతా పాతచింతకాయ పచ్చడి అని కొందరు మిత్రులు అంటారు. కొంత నిజమే. 2005 జాతీయ పటాల విధానం తరువాత పౌరులకు వచ్చిన టోపోషీట్లు డబ్ల్యుజీయెస్ 84 లోనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో పటాల మీది ఆంక్షలు చాలావరకు సడలాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ లో మొదలైన భూముల రీసర్వేకు వాడిన రోవర్లు స్థిర కేంద్రాల నుంచి సవరణలు అందుకుని సెంటీమీటర్ల లెక్కలో చెప్పగలిగినవి. వాటినీ మన చేతి పరికరాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. రోవరు సంపాదించిన పరువును ఫోను అనుభవిస్తున్నది. కౌండిన్య అడవి అంచున ఏనుగులు తొక్కిన చేను ఫోటో తీసి పంపితే అందులో అక్షాంశం ఆరు దశాంశాల దాకా పడుతుంది. ఆరో దశాంశమంటే పదకొండు సెంటీమీటర్లు. ఫోనుకు అంత చూపు లేదు, అయినా అంత రాస్తుంది. దాన్ని చూసిన గుమాస్తా ఈ చేను అడవి హద్దుకు లోపలుందా బయటుందా అని తేల్చేస్తాడు. పరిహారం రావడమూ రాకపోవడమూ ఆ తేల్చడం మీద ఉంటుంది.

అందుచేత నేను కోరేది పెద్ద యంత్రాలు కాదు. హద్దు గొడవ ఉన్నచోట చేతి పరికరం కొలతను సాక్ష్యంగా తీసుకోకూడదు. తీసుకున్న ప్రతి అంకె పక్కనా డేటమ్, జోన్, పరికరం రకం, ఆ గంటకు అది చూపిన తప్పు అంచనా రాయాలి. ఆపైన ఆ చోటి పేరు తెలుగులో, ఊరివాళ్ళు పలికినట్టు రాయాలి, చెప్పినవాళ్ళ చేత ఒకసారి చదివించుకోవాలి. మా బృందంలో ఈ చివరి పని మొదలుపెట్టాక రోజుకు పన్నెండు చెరువులు చూసేవాళ్ళం ఏడుకు దిగాము. మాకు పని అప్పగించినవాళ్ళు దానికి ఒప్పుకోలేదు. మిగతా చెరువులు పాత పద్ధతిలోనే, పేరు గడి ఖాళీగా, పూర్తయ్యాయి.