ముందు కళ్లద్దాలు, తర్వాతే తుపాకీ



తీర్థంలో బుడగలు పేల్చొచ్చిన పిల్లలు "టీచర్, షూటింగ్ నేర్చుకుంటాం" అంటున్నారు. సంతోషమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లోనే. ఈషా సింగ్‌దీ ఆ ఊరే.

కానీ రేంజ్‌కి వెళ్లే మొదటి రోజుకే ఎయిర్ రైఫిల్ కొనిపెట్టకండి. అక్కడ కోచ్ ఇచ్చేదానితో మొదలుపెట్టవచ్చు. మీరు కొనాల్సింది రక్షణ కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు, వేళ్లు కప్పే బూట్లు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ చిన్నదే. గట్టిదానికి తగిలి వెనక్కి ఎగిరితే కన్ను పోవచ్చు. అది సీసంతో చేసింది కాబట్టి, తినేముందు చేతులు సబ్బుతో కడిగించండి.

"అద్దాలకీ ఖర్చేనా?" అనుకోకండి. వేటకెళ్లే మన పూడిమడకవాళ్లకు చెప్పాలా? ముందు ప్రాణం, తర్వాతే చేప. పతకం ఈ ఏడు కాకపోతే పై ఏడు వస్తుంది. పోయిన కన్ను రాదు.