సంఘముల చేవ్రాలు

కార్మిక సంఘములు ప్రైవేటీకరణమునకు పగవారని లోకవాడుక. ఒక్కొక్కప్పుడు వారే దానికి ద్వారము తెఱచిరన్నచో కొందఱికి కోపము వచ్చును. రానిండు.

1983లో ఆస్ట్రేలియా కార్మిక సమాఖ్య లేబరు పార్టీతో ఒడంబడిక చేసికొని, కూలి పెంపు కోర్కెను తానే అణచుకొనెను. ప్రధాని హాక్ పూర్వము ఆ సమాఖ్యకే అధ్యక్షుడు! ఆ లేబరు ప్రభుత్వమే పిమ్మట ప్రభుత్వ బ్యాంకును, విమాన సంస్థను అమ్మకమునకు పెట్టెను.

దూరపు కథ యేల? 1998లో ఉమ్మడి రాష్ట్రమున విద్యుత్సంస్కరణ చట్టము పుట్టెను. 1999 ఫిబ్రవరి 1న విద్యుద్బోర్డు రెండు కంపెనీలుగా చీల్చబడెను. ఉద్యోగ సంఘములు త్రైపాక్షిక ఒప్పందమున చేవ్రాలు చేసి తమ జీతములను, పింఛనులను భద్రపఱచుకొనెను. తమ పొట్ట తాము చూచుకొనుట నేరమనము. కాని ఆ కాగితమున కాంట్రాక్టు కూలికి చోటేది? పెద్దముడియము రైతు పంపుసెట్టుకు చోటేది?

2000 ఆగస్టు 28న, ఛార్జీల పెంపును నిరసించిన జనులపై బషీర్‌బాగున పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. రక్షణ యొకరికి, రక్తము వేఱొకరిది!

మన కలమల్ల తాపవిద్యుత్కేంద్రమున స్థిరోద్యోగియు, కాంట్రాక్టు కూలియు ఒకే ద్వారమున ప్రవేశింతురు. జీతములు మాత్రము వేఱు.

సంఘ నాయకులారా! ఇకమీదట చేవ్రాలు చేయుటకు ముందు కాంట్రాక్టు కూలిని సభ్యునిగా చేర్చుకొనుడు. రైతును సభకు పిలువుడు. ఈ రెండును చేయని సంఘము ఎంత ఎఱ్ఱజెండా యెత్తినను యజమాని వాకిటి కావలియే!