పెండ్లి ఫొటోలు – పరుల చేతి మెరుగులు

పెండ్లి ఫొటో తీయువాడు ధర్మపురిలో నుండును. దాని రంగు సరిచేసి, మచ్చలు తుడిచి, ఆల్బము కూర్చువాడు వేరొక ఊరిలో, ఒక్కొక్కప్పుడు వేరొక రాష్ట్రములో నుండును. ఇది నేటి పద్ధతి. ఇందు దోషమేమియు లేదు. ముహూర్తముల దినములలో వేలకొలది ఫొటోలు తీసినవాడు అన్నింటిని తానే దిద్దవలెనన్నచో, ఆల్బము సీమంతము నాటికి గాని చేతికి రాదు.

పూర్వము నెగెటివుపై సన్నని పెన్సిలుతో దిద్దు పనివాడు స్టూడియోలోనే కూర్చుండెడివాడు. ఇంటివారి ముఖములు అతడెరుగును. 1990లో ఫొటోషాప్ వెలువడిన పిదప ఆ పని క్రమముగా కంప్యూటరునకు, ఇంటర్నెట్ వచ్చిన పిదప దూరదేశములకు తరలినది. పని తరలినది గాని, ఆ యెరుక తరలలేదు. చిక్కంతయు ఇందే యున్నది.

ఎరుగనివాడు చామనచాయ పెండ్లికూతురును పాలవలె తెలుపు చేయును. తాతగారి చెంపమీది పుట్టుమచ్చను మరక యని తుడుచును. జీలకర్ర బెల్లమునకు ముందే తలంబ్రాలను పేర్చును. వీనిని మరల దిద్దింపవచ్చును. కాని, బాగుచేయుట కిచ్చిన పాత ఫొటో అంచున ముత్తాతగారు వ్రాసిన తెలుగు పేర్లను గీతలనుకొని చెరిపివేసి, ఆ మూలప్రతి కూడ పోయినచో, దిక్కేది? మన పిల్లలలో తెలుగు మాటలాడువారు అనేకులు, చదువగలవారు కొందరే. అట్టి యిండ్లలో ఆ రెండు పంక్తులే వంశచరిత్ర.

చట్టము మనకు అండగా నున్నది. 1957 నాటి కాపీరైట్ చట్టము 17వ సెక్షను ననుసరించి, సొమ్మిచ్చి తీయించుకొన్న ఫొటోకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించుకొన్నవారే తొలి హక్కుదారులు. కావున ఒప్పందమును చదువక సంతకము చేయరాదు. ఫొటోలు ఎక్కడికి పోవునో అడుగవలెను. మేనిచాయ మార్చరాదనియు, వ్రాతలు చెరుపరాదనియు వ్రాసియీయవలెను. దిద్దని మూలప్రతులను తప్పక తీసికొనవలెను. ఆల్బము అచ్చునకు పోకమునుపు ఇంటి పెద్ద యొకరు చూడవలెను.

కంప్యూటరు నేర్చిన మన యువకులు ఈ పనిని ధర్మపురిలోనే చేపట్టిన మరియు మేలు. ఇంటిపేరును తప్పులేక వ్రాయగలవాడు, పెండ్లి తంతు వరుస యెరిగినవాడు దూరపు పనివానికన్న ఒక మెట్టు పైనుండును. తెలుగు చదువు అన్నము పెట్టదనువారికి ఇంతకన్న మంచి సమాధానము వేరొకటి యక్కరలేదు.