పాత చీర, కొత్త పోగు



మన అమ్మమ్మలు బిందె మూతికి పాత చీర మడతపెట్టి కాలువ నీరు వడకట్టేవారు. అది తెలివైన పనే. బంగ్లాదేశ్ గ్రామాలలో నీటిని చీర మడతలతో వడకట్టించగా కలరా సుమారు 48 శాతం తగ్గిందని రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రకటించింది. కలరా క్రిములు అంటుకొనియుండే చిన్న నీటిపురుగులు ఆ మడతలలో చిక్కుకొంటాయి.

ఇప్పుడు అంతకంటె సన్నని నానో పోగులు వచ్చాయి. ప్లాస్టిక్ వంటి పదార్థాన్ని కరిగించి, సూదిగుండా వదలుతూ వేల వోల్టుల విద్యుత్తుతో లాగితే, తలవెంట్రుకలో 100వ వంతు సన్నని పోగు వస్తుంది. వాటితో అల్లిన పొర సూక్ష్మక్రిములను ఆపగలదు. తగిన పదార్థం చేర్చితే రంగులను, సీసం వంటి లోహాలను కూడ పట్టుకొంటుంది.

“ఇది మన కాలువలకు పనికివస్తుందా?” అని కొందరు మమ్మును అడిగారు. కోనసీమలో రొయ్యల చెరువుల నుండి వచ్చే నీటిలో మిగిలిన మేత, బురద, అమ్మోనియా, ఉప్పు ఉంటాయి. బురదకు ఆ సన్నని రంధ్రాలు త్వరగా పూడిపోతాయి. కరిగిన ఉప్పు చీరలో నుండి దిగినట్టే మామూలు నానో పొరలో నుండీ దిగిపోతుంది.

కాబట్టి ముందు చేయవలసినది చెరువు గట్టు మీదనే ఉంది. పట్టుబడి అయ్యాక నీటిని ప్రక్క గుంటలో నిలిపి, తేరనివ్వండి. అడుగు బురదను కాలువలో కలపకండి. ఉప్పునీటిని పంటకాలువలోనికి అసలే వదలకండి.

చెరువున్నవారు, దిగువ ఊరిలో బిందె ముంచేవారు మన సంఘాలలో ఒకే చాప మీద కూర్చుంటున్నారు. ఒకరు వదిలిన మురికిని వడకట్టుకొనే భారం మరొకరిది కాకూడదు.